సర్ థామస్ మన్రో: పరిపాలనను పల్లెకు చేర్చిన దొర

ఇంట పుట్టిన మగబిడ్డకు పరదేశీయుడైన ఒక అధికారి పేరు పెట్టుకొనడం లోకంలో అరుదైన విషయం. అనంతపురం, కడప, బళ్లారి, కర్నూలు సీమలలో ఒకప్పుడు మన్రోలప్ప అనే పేరు పల్లెలలో వినబడేది. ఆ పేరు వెనుకనున్న వ్యక్తి ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, సైనికుడుగా వచ్చి, కలెక్టరై, చివరకు చెన్నపట్టణపు గవర్నరై, ఈ సీమ మట్టిపైననే కన్నుమూసిన సర్ థామస్ మన్రో. తహశీల్దారు కచేరీ, రైతు చేతిలోని పట్టా, ఏటేటా జరిగే జమాబంది, కలెక్టరు చేతిలో కేంద్రీకృతమైన జిల్లా పాలన, ఊరి పెద్దకు చిన్న తగవులు తీర్చే అధికారం, ఇవన్నీ దక్షిణదేశంలో స్థిరరూపం దాల్చడానికి ఆయన కృషి ముఖ్యకారణం. సర్కారు బడుల తొలి ప్రణాళిక కూడా ఆయన చేతి రాతయే. అందుచేత ఆయన జీవితం ఒక వ్యక్తి చరిత్ర మాత్రమే కాదు. ప్రజలకు సేవ చేయవలసిన యంత్రాంగం ఎట్లా కట్టబడుతుందో, ఎట్లా విప్పబడి మరల కట్టబడుతుందో తెలిపే చరిత్ర కూడా.

బాల్యం, సైనిక జీవితం

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం సాగించిన వర్తకుడు. చిన్నతనంలో సోకిన తట్టు వ్యాధి వలన థామస్‌కు వినికిడి కొంత తగ్గింది. ఆ లోపం ఆయనను జీవితాంతం వెంటాడింది. అయినను చదువుపై మక్కువ తగ్గలేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విద్యనభ్యసించాడు. డాన్ క్విక్సోట్ గ్రంథాన్ని మూలంలో చదువుకొనాలనే కోరికతో స్పానిషు భాష నేర్చుకొన్నాడు. ఒక జాతిని తెలియాలంటే దాని భాషను తెలియాలనే ఈ స్వభావమే తరువాతి కాలంలో ఆయన పరిపాలనకు ఆధారమైంది.

అమెరికా స్వాతంత్ర్య సమరం వలన తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది. కుటుంబం కష్టాలలో పడగా థామస్ కంపెనీ పదాతిదళంలో క్యాడెటుగా చేరి, 1780 జనవరిలో చెన్నపట్టణం చేరాడు. అదే సంవత్సరం హైదరాలీ కర్ణాటక రాజ్యంపై దండెత్తాడు. యువకుడైన మన్రో ఆ యుద్ధాన్ని, తరువాత 1790 నుండి 1792 వరకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాన్ని కళ్ళారా చూశాడు. సిపాయిల వద్ద, పల్లెజనుల వద్ద దేశభాషలు నేర్చుకొన్నాడు. పన్నెండేళ్ళు కత్తి పట్టినా ఆయన పేరు నిలిచింది కత్తి వలన కాదు, కలము వలన.

బారామహల్ నేర్పిన పాఠం

1792 సంధిలో టిప్పు సుల్తాను వదులుకొన్న బారామహల్ ప్రాంతం కంపెనీ వశమైంది. నేటి తమిళనాడులోని కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలు అందులోనివే. ఆనాడు చెన్నపట్టణంలోని సివిలు ఉద్యోగులలో దేశభాషలు తెలిసినవారు బహు తక్కువ. అందుచేత గవర్నరు జనరలు కారన్‌వాలిస్ ఆ సీమ పాలనను కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే సైనికాధికారికి అప్పగించాడు. రీడ్‌కు సహాయకులుగా నియమించబడిన సైనికాధికారులలో మన్రో ఒకడు. తెలుగు, తమిళ, కన్నడ భాషలు ఒకే సంతలో కలిసి వినిపించే ఆ సీమలో ఆయన దాదాపు ఏడేళ్ళు గడిపాడు.

అంతకు మునుపు శిస్తు వసూలు అంటే ఊళ్ళను గుత్తకిచ్చుట. గుత్తేదారు సర్కారుకు ఇంత చెల్లిస్తానని ఒప్పుకొని, రైతుల వద్ద తనకు చేతనైనంత రాబట్టేవాడు. సర్కారుకు రైతు ముఖం తెలియదు. రైతుకు సర్కారు ముఖం తెలియదు. రీడ్, మన్రో ఈ మధ్యవర్తులను తొలగించి, ప్రతి పొలాన్ని కొలిచి, ప్రతి రైతు పేర శిస్తు నిర్ణయించి, సర్కారు నేరుగా రైతుతోనే లెక్క చూసుకొనే పద్ధతిని క్రమక్రమంగా రూపొందించారు. ఇదే రైత్వారీ. ఇది ఒక్కనాటి ఆలోచన కాదు. గుత్తలిచ్చి చూసి, వాటి లోపాలు తెలుసుకొని, ఏటికేడు సవరించుకొంటూ వచ్చిన అనుభవసారం.

1799లో శ్రీరంగపట్టణం పతనమైన పిదప మైసూరు రాజ్య విభజనకు ఏర్పడిన సంఘానికి మన్రో ఒక కార్యదర్శిగా పనిచేశాడు. తరువాత కెనరా సీమకు కలెక్టరుగా వెళ్ళాడు. అక్కడి ప్రాచీన భూమి లెక్కలను పరిశీలించి, భూమిపై వంశపారంపర్యపు హక్కు ఎంత లోతైనదో గ్రహించాడు. అయితే ఆయన మనసు కోరినది కెనరా కాదు. మెరక పొలాల సీమ.

దత్త మండలాలు

మైసూరు యుద్ధాలలో తన వాటాకు వచ్చిన ప్రాంతాలను నిజాము 1800 అక్టోబరు సంధి ద్వారా, తన రాజ్యంలో నిలిపిన కంపెనీ సైన్యపు ఖర్చుకుగాను కంపెనీకి అప్పగించాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలులో కొంత భాగం కలిసిన ఈ విశాల భూభాగానికే దత్త మండలాలని పేరు. ఆ పేరు పరుల చేతికి ధారపోయబడిన నేల అనే అవమానాన్ని మోస్తున్నదని భావించి, 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచించగా ఈ ప్రాంతానికి రాయలసీమ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ విధంగా ఒకే కలెక్టరు కింద ఒకే జమాబంది చూసిన పల్లెలు రెండు రాష్ట్రాలకు చెందినవయ్యాయి.

మన్రో ప్రధాన కలెక్టరుగా అనంతపురంలో నిలిచి, ఆదోని, హరపనహళ్ళి, కడప, కంభం కేంద్రాలుగా నలుగురు ఉపకలెక్టర్ల సాయంతో పాలన ప్రారంభించాడు. విజయనగర సామ్రాజ్యం అంతరించిన తరువాత రెండు వందల ఏళ్ళకు పైగా ఎందరి చేతులో మారిన సీమ అది. సుమారు ఎనభైమంది పాలెగాళ్ళు తమ కోటలలో తమ దళాలతో స్వతంత్రులుగా ఉండేవారు. సర్కారుకు, పాలెగానికి, దొంగలకు ఒకే పంటపై రైతు కప్పం కట్టవలసి వచ్చేది.

మన్రో పాలెగాళ్ళను సైన్యబలంతో లొంగదీశాడు. ఒకటి రెండు సంవత్సరాలలోనే వారిలో అధికులు కోటలను కోల్పోయారు. కొందరు పారిపోయారు, కొందరు చెరలో పడ్డారు, కొందరు భరణాలతో సరిపెట్టుకొన్నారు. ఈ కాఠిన్యాన్ని లండనులోని కంపెనీ డైరెక్టర్లు సైతం ఆక్షేపించారు. పల్లెకు శాంతి చేకూరనిదే సేద్యం సాగదని మన్రో తన చర్యను సమర్థించుకొన్నాడు. పల్లెకు కొంత శాంతి దొరికిన మాట నిజమే. కాని పాలెగాళ్ళను నమ్ముకొని కట్టుబడి మాన్యాలు అనుభవించిన వేల కుటుంబాల గుండెలలో గాయం మిగిలిపోయిన మాట కూడా నిజం. నలభై ఏళ్ళ తరువాత, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు బయలుదేరింది. నొస్సం పాలెగాని వంశపు భరణంలో తన వాటా నిరాకరించబడుట అందుకొక కారణం. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆ వీరుడు ఉరికంబమెక్కాడు. మన్రో చరిత్ర చెప్పుకొనేవారు ఈ ఘట్టాన్ని విస్మరించరాదు.

గొలుసు, గుంట, పట్టా

1802 జూనులో దత్త మండలాల భూమి కొలత ప్రారంభమైంది. అప్పటికి కొలత విద్య తెలిసినవారు కచేరీలో నలుగురు గుమాస్తాలు మాత్రమే. వారు మరికొందరికి నేర్పగా, వారు ఇంకొందరికి నేర్పగా కొలతగాళ్ళ బలగం ఏర్పడింది. 33 అడుగుల గొలుసు వారి పనిముట్టు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు గల నేల ఒక గుంట. అట్టి గుంటలు 40 అయితే ఎకరం. ఈనాటికీ ఈ సీమ రైతు నోట వినిపించే గుంట, ఎకరాల లెక్క ఆ గొలుసుతో సరిగా ముడిపడి ఉన్నది.

కొలత ముగిసిన ఊళ్ళకు తరగతులు నిర్ణయించేవారు వచ్చేవారు. నల్లరేగడి ఏది, ఎర్రనేల ఏది, చెరువు కింది మాగాణి ఏది, బావి కింది తోట ఏది అని రెడ్డి, కరణం, రైతుల సమక్షంలో తేల్చి, పొలం పొలానికి శిస్తు కట్టేవారు. రైతులకు అభ్యంతరాలు చెప్పుకొనే అవకాశం ఉండేది. కొలత తప్పని తోస్తే మరల కొలిచేవారు. ఏ ఏడు ఎంత నేల సాగు చేస్తాడో రైతు తానే నిర్ణయించుకొని, ఆ మేరకే పట్టా పుచ్చుకొనేవాడు. ఎద్దులకు, విత్తనాలకు, బావుల మరమ్మతుకు తక్కావి అప్పులు లభించేవి.

ఇంత పనిని మన్రో ఒకచోట కూర్చొని చేయించలేదు. ఆ ఏడేళ్ళలో అధిక భాగం గుడారాలలోనే నివసించాడు. ఊరి వెలుపల తోపులో డేరా వేయించి, రైతులతో దుబాసీ అవసరం లేకుండా మాట్లాడేవాడు. సాయంకాలం నడకకు బయలుదేరినా అర్జీదారులు వెంట నడుస్తూ తమ గోడు చెప్పుకొనేవారని అంటారు. చెవి మందమైన ఆ మనిషి రైతు మాట వినడంలో మాత్రం లోపం చేయలేదు. కలెక్టరు ఏటా జిల్లా అంతటా తిరిగి స్వయంగా జమాబంది చేయాలనే ఆచారానికి ఆయన నడవడి ఒరవడి అయినది.

అయితే శిస్తు మాట వేరు. ఏడేళ్ళలో దత్త మండలాల రాబడి దాదాపు ఒకటిన్నర రెట్లయింది. పంటలో నూటికి 45 వంతుల వరకు సర్కారుకే పోయేదని మన్రో తానే లెక్క కట్టాడు. ఇది భారమని ఆయనకు తెలుసు. అందుకే 1807లో సెలవుపై స్వదేశానికి వెళ్ళే ముందు సమర్పించిన నివేదికలో, శిస్తును నూటికి 25 తగ్గించాలని, బావుల నీటితోను, వాగులనుండి ఎత్తిపోసిన నీటితోను పండే భూములకు మరియొక 8 తగ్గించాలని సిఫారసు చేశాడు. అప్పుడు సర్కారు వాటా మూడింట ఒక వంతుకు దిగుతుంది. రైతుకు కొంత మిగులుతుంది. మిగిలినది చూసి భూమికి విలువ ఏర్పడుతుంది.

కట్టినది విప్పుట, విప్పినది కట్టుట

చెన్నపట్టణం ప్రభుత్వం ఆ సిఫారసును అంగీకరించలేదు. మన్రో ఓడ ఎక్కిన పిదప రైత్వారీనే ప్రక్కకు నెట్టింది. 1808లో దత్త మండలాలు బళ్లారి, కడప అని రెండు జిల్లాలయ్యాయి. ఊళ్ళను మొదట మూడేళ్ళ గుత్తకు, ఆ తరువాత పదేళ్ళ గుత్తకు ఇచ్చారు. అధిక శిస్తుకు ఒప్పుకొన్న గుత్తేదారులు చెల్లించలేక కూలిపోయారు. వారితోపాటు రైతులూ చితికిపోయారు. బారామహల్‌లోను ఇదే కథ. సేలం సీమను మిట్టాలుగా విడగొట్టి వేలం వేయగా అనేక మిట్టాలు బాకీలలో మునిగి మరల సర్కారు చేతికే వచ్చాయి. మంచి పద్ధతిని నిలిపే మనిషి లేనప్పుడు కచేరీ ఎంత త్వరగా పాత దారి పడుతుందో ఈ పదేళ్ళు చాటిచెప్పాయి.

స్వదేశంలో మన్రో ఊరక కూర్చోలేదు. 1813లో కంపెనీ పట్టా పొడిగింపుపై బ్రిటిషు పార్లమెంటు విచారణ జరిపినప్పుడు సాక్ష్యమిచ్చి తన వాదాన్ని వినిపించాడు. ఫలితంగా న్యాయ, పోలీసు శాఖలను సంస్కరించే ప్రత్యేక సంఘానికి అధ్యక్షుడుగా 1814లో చెన్నపట్టణం తిరిగి వచ్చాడు. ఆ సంవత్సరమే జేన్ క్యాంబెల్‌ను వివాహమాడాడు.

బెంగాలులో కారన్‌వాలిస్ ఏర్పరచిన పద్ధతి అప్పటికి చెన్నరాజధానిలోను ప్రవేశపెట్టబడి ఉన్నది. దాని ప్రకారం జిల్లా జడ్జియే తగవులు తీర్చాలి, పోలీసునూ నడపాలి. జిల్లా కేంద్రం పల్లెకు అయిదారు రోజుల నడక దూరం. పది రూపాయల బాకీకి న్యాయం కావాలంటే రైతు విత్తనాల అదను పోగొట్టుకొని కోర్టు అరుగుపై పడిగాపులు కాయాలి. ఊరి తలారి ఒకరి కింద, దరోగా ఇంకొకరి కింద. దొంగ మాత్రం ఎవరికీ చిక్కడు.

1816 శాసనాల ద్వారా ఈ ఏర్పాటు మారింది. ఊరి పెద్ద గ్రామ మునసబై 10 రూపాయల లోపు వ్యాజ్యాలు తీర్చే అధికారం పొందాడు. ఆ పైన 200 రూపాయల వరకు వ్యాజ్యాలకు జిల్లా మునసబులుగా స్వదేశీయులే నియమింపబడ్డారు. పంచాయతీల ద్వారా తీర్పులకు చట్టం గుర్తింపునిచ్చింది. దరోగాలు పోయారు. పోలీసు, మెజిస్ట్రేటు అధికారాలు జడ్జి నుండి కలెక్టరుకు మారాయి. ఊరి తలారి వ్యవస్థకే పోలీసు పని అప్పగించబడింది.

ఇందులో మన్రో ఆశించినవన్నీ ఫలించలేదు. పంచాయతీలపై ఆయన పెట్టుకొన్న నమ్మకాన్ని జనం అంతగా నిలబెట్టలేదు. మునసబుల కోర్టులు మాత్రం వేళ్ళూనాయి. తెల్ల జడ్జీలు తీర్చలేక పేరబెట్టిన వ్యాజ్యాలను స్వదేశీయులైన మునసబులు వేగంగా పరిష్కరించారు. భారతీయులకు బాధ్యత గల పదవులు, తగిన జీతాలు ఇవ్వాలనే ఆయన వాదనకు ఇది ప్రత్యక్ష నిదర్శనమైంది.

గవర్నరు పదవిలో

1817, 1818లలో మరాఠా యుద్ధంలో మరల కత్తి పట్టి, ధార్వాడ ప్రాంతంలో స్థానిక జనుల తోడ్పాటుతో విజయాలు సాధించిన పిదప మన్రో స్వదేశానికి వెళ్ళాడు. 1820 జూనులో సర్ బిరుదుతో, చెన్నపట్టణం గవర్నరుగా తిరిగి వచ్చాడు. పదమూడేళ్ళ క్రితం తాను కోరిన శిస్తు తగ్గింపును ఆయన పాలనలో దత్త మండలాలలో అమలు జరిపాడు. రైత్వారీ మరల నిలిచింది.

ఉద్యోగులు ప్రజల భాష తెలిసి తీరాలని ఆయన పట్టుపట్టాడు. ఆ కాలంలోనే, 1820లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో ఉద్యోగంలో చేరాడు. తెలుగు సాహిత్యానికి ఆ కొలువు వలన కలిగిన లాభం తెలుగువారందరూ ఎరిగినదే. భారతీయులను ఉన్నత పదవులకు దూరంగా ఉంచే పాలన వారి శీలాన్నే కుంగదీస్తుందని, ఏదో ఒకనాడు ఈ దేశాన్ని దేశీయులకే అప్పగించవలసి వస్తుందని ఆయన 1824 నాటి తన సుదీర్ఘ నివేదికలో వివరించాడు. ఇన్ని చెప్పినవాడే పత్రికలకు స్వేచ్ఛనిచ్చుటను 1822లో గట్టిగా వ్యతిరేకించాడు. పరాయి ప్రభుత్వం కొనసాగినంతకాలం పత్రికా స్వేచ్ఛ పొసగదని ఆయన తలపు. ఎంత ఉదారుడైనా ఆయన కంపెనీ ఉద్యోగియే అనే సత్యాన్ని ఇది గుర్తుచేస్తుంది.

బడుల లెక్క

విద్యాలయపు సంచికలో ప్రత్యేకంగా తలచుకొనదగిన పని మన్రో 1822 జూనులో తలపెట్టాడు. దేశంలో ఎన్ని బడులున్నవి, ఎందరు చదువుతున్నారు, ఏమి చదువుతున్నారు, పంతుళ్ళకు జీతమెట్లా గడుస్తున్నది అని ప్రతి కలెక్టరును లెక్క అడిగాడు. వచ్చిన జవాబులను కూర్చగా చెన్నరాజధానిలో 1,28,50,941 మంది జనులకు 12,498 బడులు, ఉన్నత పాఠశాలలు ఉన్నట్లు, వాటిలో 1,88,650 మంది చదువుతున్నట్లు తేలింది. చదివేవారిలో బాలికలు 4,540 మంది మాత్రమే.

బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వీటిలో పేరెన్నిక గన్నది. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రకటించిన పండితుడు. నేటి అనంతపురం సీమ కూడా కలిసి ఉన్న ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులు ఉన్నట్లు ఆయన వ్రాశాడు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ, సంస్కృత బడులు చెరి 23, పారశీక బడులు 21, తమిళ బడులు 4, ఇంగ్లీషు బడి ఒక్కటి. తెలుగు, కన్నడ బడులు ఇంచుమించు సరిసమానంగా పక్కపక్కనే వర్ధిల్లిన సీమ ఇది. ఇక్కడ తెలుగు చదువు నిన్న మొన్నటిది కాదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ఇసుకపై అక్షరాలు దిద్దుట, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠం చెప్పుట అనే మన బడుల పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొన్నాడు. బడులు క్షీణిస్తున్నవని, జనుల పేదరికమే అందుకు కారణమని బాధపడ్డాడు.

ఈ లెక్కల ఆధారంగా 1826 మార్చి 10న మన్రో ఒక ప్రణాళిక సిద్ధం చేశాడు. కలెక్టరేటుకు హిందువులకొకటి, ముసల్మానులకొకటి చొప్పున రెండు పెద్ద బడులు, తహశీలుకొక బడి, చెన్నపట్టణంలో ఉపాధ్యాయులకు శిక్షణ, పుస్తకాల ముద్రణ అందులోని ముఖ్యాంశాలు. కలెక్టరేటు బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తహశీలు బడి పంతులుకు 9 రూపాయలు జీతం. మొత్తం ఖర్చు ఏడాదికి 48,000 రూపాయలు. విద్య కోసం ప్రజల సొమ్ము వెచ్చించడం సర్కారు విధి అనే భావన ఈ రాజధానిలో ఇట్లా అంకురించింది. పర్యవేక్షణకు ఒక సంఘం కూడా ఏర్పడింది.

మన్రో మరణంతో ఆ అంకురం వాడిపోయింది. తగిన పంతుళ్ళు దొరకలేదు, పై అధికారులకు శ్రద్ధ చాలలేదు, ఇంగ్లీషు చదువే చదువనే వాదం బలపడింది. 1836లో ఆ బడులను ఎత్తివేశారు. 1854 నాటి విద్యా ఉత్తరువు తరువాత, 1855లో చెన్నపట్టణంలో విద్యాశాఖ ఏర్పడినప్పుడు దాని మొదటి అధిపతి అయిన ఏ.జె. అర్బత్‌నాట్ తరువాతి కాలంలో మన్రో నివేదికలను సంకలనం చేసి ప్రకటించడం గమనింపదగినది. వాడిన విత్తనం మరల మొలకెత్తినది.

పత్తికొండ

పదవి విడిచి స్వదేశం చేరాలని మన్రో ఎంతో ముందుగానే కోరుకొన్నాడు. బర్మా యుద్ధం వలన ఆగిపోయాడు. భార్య, చిన్న కుమారుడు ముందే ప్రయాణమయ్యారు. వెళ్ళే ముందు తన దత్త మండలాలను కడసారి చూడాలని 1827 వేసవిలో బయలుదేరాడు. ఆనాడు ఆ సీమలో కలరా వ్యాపించి ఉన్నది. గుత్తి మీదుగా పత్తికొండ చేరిన ఆయన 1827 జూలై 6న ఉదయం ఆ వ్యాధికి లోనై, అదే రోజు రాత్రి గుడారంలోనే కన్నుమూశాడు. అప్పటికి వయసు 66 సంవత్సరాలు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను చెన్నపట్టణం కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం తోపు వేసి, బావి త్రవ్వించారు. గుత్తిలో సత్రం వెలసింది. చెన్నపట్టణంలో 1839లో నెలకొల్పిన అశ్వారూఢ విగ్రహం శిల్పి ఛాంట్రీ చేతిపని. జీను, రికాబులు లేని గుర్రంపై మన్రో కూర్చొని ఉండడం చూపరులు వింతగా చెప్పుకొనే విశేషం.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు సాక్షాత్కరించినట్లు, గండి కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటబడినట్లు కథలున్నవి. తిరుమలలో మన్రో పేర గంగాళంతో నైవేద్యం ఏర్పాటైనదని చెప్పుకొంటారు. జనశ్రుతిలో చరిత్ర పాలు ఎంతో నిర్ణయించడం కష్టమే. కాని శిస్తు వసూలు చేసిన అధికారిని దేవుని కథలలో చేర్చుకొన్నారంటే, జనం ఆయనను తమవాడుగా భావించారని మాత్రం స్పష్టం.

తరువాతి మార్పులు

మన్రో కట్టిన ఇల్లు కట్టినట్లే నిలువలేదు. శిస్తు, పోలీసు అధికారాలు ఒకే చేతిలో ఉన్నందున వసూలు పేరిట రైతులను హింసించుట జరుగుతున్నదని 1855లో విచారణ సంఘం నిర్ధారించింది. 1859లో 24వ చట్టం ద్వారా చెన్నరాజధానిలో పోలీసు ప్రత్యేక శాఖగా ఏర్పడింది. రైతుకు దగ్గరగా ఉండాలని ఆయన కలిపిన అధికారాలే రైతుకు బరువైనప్పుడు వాటిని విడదీయవలసి వచ్చింది. వంశపారంపర్యంగా సాగిన గ్రామోద్యోగాలు కర్ణాటకలో 1961 చట్టంతో రద్దయ్యాయి. తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2019లో గ్రామ సచివాలయాలు వెలిశాయి. జిల్లాలూ అంతే. సేలం నుండి 1965లో ధర్మపురి, ధర్మపురి నుండి 2004లో కృష్ణగిరి, బళ్లారి నుండి 2021లో విజయనగర జిల్లాలు విడివడ్డాయి.

పేర్లు మారినవి, సరిహద్దులు మారినవి. కొన్ని మార్పులు ప్రజలకు మేలు చేశాయి. కొన్ని కచేరీ పలకను మాత్రమే మార్చాయి. రెంటికీ తేడా కనుగొనడానికి మన్రో జీవితం ఒక కొలబద్ద నిస్తుంది. సామాన్యుడు తన భాషలో తన కష్టాన్ని, తన పని చెడకుండా, అధికారికి చెప్పుకొనగలుగుతున్నాడా? ఆ అధికారికి దానిని తీర్చే అధికారం ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలకు అవునని సమాధానం వచ్చిన మార్పే మార్పు.

మన్రో పరాయివాడు. ఆయన ప్రభువులు ఈ దేశపు రాబడికై వచ్చినవారు. పాలెగాళ్ళపట్ల ఆయన చూపిన కాఠిన్యాన్ని, మోయలేని శిస్తును మరువరాదు. అయినను, కొలత గొలుసు పట్టిన నలుగురు గుమాస్తాలకు తెలిసిన విద్యను నూరుమందికి పంచినవాడు, రైతు భాష నేర్చి రైతు వద్దకే వెళ్ళినవాడు, పల్లె బడి పంతులు జీతాన్ని సర్కారు లెక్కలలోకి ఎక్కించినవాడు ఆయన. 226 తెలుగు బడులకు నెలవైన ఈ సీమలో తెలుగులో చదువుకొని రేపు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, తహశీల్దారులు, కలెక్టర్లు కానున్న బాలబాలికలు, తమ బల్ల ముందు నిలిచిన మనిషి మాటను అతని భాషలోనే ఓపికగా వినుటయే ఆయన జీవితం నుండి గ్రహించవలసిన పాఠం.